వరదను చూసే కన్ను: ధమ్మం అడిగే ప్రశ్న





వర్షావాసం నాళ్లు వచ్చినయి. ఆషాఢ పౌర్ణమి నుంచి మూడు నెలలు భిక్షువులు ఒక్కచోటనే ఉంటరని మీకు తెలుసు. ఈ నియమం ఎందుకు వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. వానకాలంలో కూడా భిక్షువులు ఊళ్లు తిరుగుతుంటే పచ్చని మొలకలు, చిన్న ప్రాణులు కాళ్ల కింద నలిగిపోతున్నాయని జనం తప్పుబట్టారు. బుద్ధుడు ఆ మాట విన్నాడు, నియమం పెట్టాడు. వాన పడే కాలంలో మన అడుగు ఎవరి మీద పడుతున్నదో చూసుకోవాలన్నదే దాని సారం.

ఆ నాళ్లలోనే మన బాసర దగ్గర గోదావరి నిండుతది. మహారాష్ట్రలోని బాబ్లీ బ్యారేజీ గేట్లు జులై 1 నుంచి అక్టోబర్ 28 వరకు ఎత్తి ఉంచాలని 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పైన నాందేడ్ దిక్కు వాన దంచితే ఆ నీళ్లు కందకుర్తి దాటి బాసరకు వస్తాయి. కింద శ్రీరాంసాగర్ నిండితే దాని నీళ్లు ఇటు ఎగదన్నుతాయి. ఘాట్ల మెట్లు మునుగుతాయి.

నీళ్లతోపాటు కెమెరాలు కూడా వస్తాయి. వంతెన మీద సెల్‌ఫోన్లు, చెయ్యి వణికినా బొమ్మ వణకకుండా పట్టే గింబల్‌లు, నీళ్లల్ల ముంచినా పాడుకాని చిన్న యాక్షన్ కెమెరాలు, నెత్తి మీద డ్రోన్లు. వాటిని పట్టుకున్నోళ్లల్ల మనోళ్లు కూడా ఉన్నరు. పెళ్లి వీడియోలు తీసి బతికే తమ్ముళ్లున్నరు, యూట్యూబ్ ఛానల్ నడిపే చెల్లెళ్లున్నరు. కనుక ఈసారి ఈ ప్రశ్న మీ ముందు పెడుతున్నాను. ఒక ఊరు మునుగుతుంటే దాన్ని వీడియో తీసుడు తప్పా? తప్పు కాకపోతే, అది ఎప్పుడు మంచి పని, ఎప్పుడు పాపం?

యంత్రం చూపించేది, దాచేది

ముందు ఒక మాట. ధమ్మం చూపును నిషేధించదు. వచ్చి చూడు అని పిలిచేదే ధమ్మం, అందుకే దాన్ని ఏహిపస్సికో అన్నారు. కళ్లు మూసుకుని నమ్మమని బుద్ధుడు చెప్పలేదు, బాబాసాహెబ్ చెప్పలేదు. కనుక కెమెరా మనకు శత్రువు కాదు. కానీ చూడటం వేరు, ఉన్నది ఉన్నట్టు చూడటం వేరు. రెండోదే సమ్యక్ దృష్టి.

యంత్రం ఎట్లా పనిచేస్తదో చూడండి. సెకనుకు 120 ఫ్రేముల లెక్కన తీసి, దాన్ని 24 ఫ్రేముల లెక్కన నడిపిస్తే అల 5 రెట్లు నెమ్మదిగా లేస్తది. అప్పుడు మామూలు అల కూడా కొండలెక్క బరువుగా కనిపిస్తది. దూరపు వస్తువును దగ్గరికి లాగే టెలీ లెన్స్‌తో తీస్తే, ఎక్కడో ఉన్న సుడి ఇంటి గోడకు ఆనుకున్నట్టే కనిపిస్తది. టైమ్‌ల్యాప్స్‌లో గంటల తరబడి కమ్మిన మబ్బు కొన్ని సెకన్లలో మీద పడుతది. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ ఇవన్నీ ఎంపికలు. ఎంపిక చేసినోడి మనసులో ఏముందో అదే తెర మీదికి వస్తది.

ఇక డ్రోన్ సంగతి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా ఎగరేయవచ్చు. ఆ ఎత్తు నుంచి చూస్తే వరద అందంగా ఉంటది. ఎర్రని నీటి మీద ఇంటి కప్పులు అగ్గిపెట్టెల్లా తేలుతున్నట్టు ఉంటాయి. ఆ ఎత్తు నుంచి కనిపించనిది ఒకటుంది. చాలా ఊళ్లల్ల ఊరు గడ్డ మీద, వాడ పల్లంలో ఉంటది. వాగు పొంగితే ముందు తడిసేది ఎవరి బియ్యం, ఎవరి పిల్లల సర్టిఫికెట్లు? పైనుంచి తీసిన బొమ్మలో అందరూ సమానంగా మునిగినట్టే ఉంటది. నేల మీద లెక్క వేరే.

దుఃఖానికి కారణం ఉంది అన్నది బుద్ధుని బోధ. మనిషి మనిషికి చేసే అన్యాయం దుఃఖానికి పెద్ద కారణమని బాబాసాహెబ్ మనకు గట్టిగా చెప్పారు. వరదను వట్టి ఆకాశం కోపంగా చూపించే వీడియో ఆ కారణాన్ని దాచిపెడుతది. 2022 జులైలో మన నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టుకు దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. నీళ్లు గేట్ల మీద నుంచి పొర్లాయి, కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఇదే డ్యామ్ 1958లో ఒకసారి తెగింది కూడా. పొర్లే నీళ్లను తీసిన కెమెరా మనల్ని భయపెడుతది. తెరుచుకోని గేటును తీసిన కెమెరా ప్రశ్న అడుగుతది. రెండూ ఒకే రోజు, ఒకే చోట తీయవచ్చు.

ఇవ్వనిది తీసుకోవద్దు

పంచశీలలో రెండోది ఇవ్వనిది తీసుకోకపోవడం. దీన్ని మనం డబ్బుకు, వస్తువుకు మాత్రమే లెక్కేస్తం. కప్పు మీద పసిబిడ్డను పట్టుకుని ఏడుస్తున్న తల్లి ముఖం ఆమె సొత్తు కాదా? మామూలు రోజుల్లో నీ కెమెరా చూసి ఆమె కొంగు అడ్డం పెట్టుకునేది, వద్దు బిడ్డా అనేది. ఆ గడియలో ఆమెకు వద్దనే తీరిక లేదు. వద్దనలేని మనిషి దగ్గర తీసుకున్నది ఇచ్చినట్టు అవుతదా?

దీనికి మీరు గట్టి జవాబే చెప్పవచ్చు. "తీయకపోతే సర్కారు కదులుతదా? మన వాడ మునిగినట్టు రుజువేది?" అంటరు. నిజమే. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగి జనం ఇళ్ల కప్పులెక్కినప్పుడు, వాళ్ల బాధ అందరికీ తెలిసింది దృశ్యాల వల్లనే. నష్టపరిహారం అడిగేటప్పుడు ఫొటో లేని పేదోడి మాటకు విలువ తక్కువ. మన బాధను ఎవరూ రాయని కాలం మనకు బాగా తెలుసు. అందుకే తీయొద్దని నేను చెప్పను.

ఎవరి పని కోసం తీస్తున్నావన్నదే తేడా. ఆ తల్లి బొమ్మ ఆమెకు పడవ తెస్తే, బియ్యం తెస్తే, పట్టా తెస్తే అది దానం. అదే బొమ్మ సంగీతం కలిపి నీ ఛానల్‌కు చూపులు మాత్రమే తెస్తే అది ఆమె దగ్గర తీసుకున్నదే. నీళ్లు తగ్గినంక ఆ ఇంటికి పోయి, ఆమె పక్కన కూర్చుని ఆ వీడియో చూపించగలవా? చూపించగలిగితే నీ చెయ్యి శుభ్రంగా ఉన్నట్టే.

కెమెరా కింద పెట్టి దూకాలా?

ఇంకో ప్రశ్న వస్తది. మనిషి కొట్టుకుపోతుంటే వీడియో తీసేటోడు దూకాలా? ధమ్మం తెగింపును కరుణ అనదు. 2022 జులైలోనే జగిత్యాల జిల్లాలో వరద వార్త కోసం పోయిన ఒక టీవీ విలేకరి కారుతో సహా వాగులో కొట్టుకుపోయి చనిపోయాడు. ఆయన వార్త మోసేవాడు, ఆయనకూ ఒక ఇల్లుంది. ఒక దృశ్యం కోసం ప్రాణం పెట్టుమని ఏ శీలమూ చెప్పదు.

మరి 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో ఏం జరిగింది? మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు. సుభాన్ అనే జేసీబీ డ్రైవర్ తన బండితో ఆ వంతెన మీదికి పోయి వాళ్లను తెచ్చాడు. ఆయన ఈత కొట్టలేదు, తనకు తెలిసిన యంత్రాన్నే నడిపాడు. అదే నెలలో విజయవాడను బుడమేరు ముంచినప్పుడు డ్రోన్లతో తిండి, నీళ్లు అందించారు. మట్టి తవ్వే బండి ప్రాణం మోసింది, పైకెగిరే యంత్రం అన్నం మోసింది. నీ చేతిలో ఉన్న పనిముట్టుకు ఎంత శక్తి ఉందో నీకు అంత బాధ్యత ఉంది. డ్రోన్ ఉన్నోడు ఏ ఇంటి మీద మనుషులున్నరో చూసి పడవ వాళ్లకు చెప్పగలడు. అది చెప్పకుండా ఇంకో చక్కర్ కొట్టి సూర్యాస్తమయం తీస్తే, అక్కడ తప్పు మొదలైంది.

రోహిణి నుంచి గోదావరి దాకా

మన చరిత్రలో కూడా నది ఉంది. సిద్ధార్థుడు ఇల్లు విడిచింది ముసలితనం, రోగం, శవం చూసి కాదని, రోహిణి నది నీళ్ల మీద శాక్యులకు, కోలియులకు వచ్చిన తగవు వల్ల అని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో రాశారు. అందరూ యుద్ధం అంటుంటే సిద్ధార్థుడు ముందు విచారణ జరగాలన్నాడు. ఇరువైపుల నుంచి ఇద్దరిద్దరు, ఆ నలుగురు కలిసి ఐదో మనిషిని ఎన్నుకోవాలన్నాడు. నీళ్ల ముందు నిలబడి కారణం వెతికిన చూపు అది.

గోదావరి కథ ఇంకా దగ్గరిది. బావరి ఈ నది ఒడ్డునే ఉన్నాడని సుత్తనిపాతం చెప్తది. మన ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తే ఆ చోటని కొందరు చరిత్రకారుల మాట. ఆయన 16 మంది శిష్యులు మగధ దాకా నడిచిపోయి బుద్ధుణ్ణి ప్రశ్నలడిగారు. ముందు అడిగినవాడు అజితుడు. అన్ని దిక్కులా ప్రవాహాలు పారుతున్నాయి, వాటికి అడ్డుకట్ట ఏది అన్నది ఆయన ప్రశ్నల్లో ఒకటి. సతి, అంటే ఎరుక, వాటిని ఆపుతదని, ప్రజ్ఞ వాటిని మూస్తదని బుద్ధుడు జవాబిచ్చాడు. అజితుడు అడిగింది తృష్ణ ప్రవాహాల గురించి. గోదావరి ఒడ్డున పెరిగినోడికి ఆ పోలిక ఎందుకు తోచిందో మనకు వేరే చెప్పాల్నా? వంతెన మీద నిలబడి "ఇంకొంచెం పెరిగితే బాగుండు, వీడియో మంచిగొస్తది" అని ఎవరి మనసులోనైనా మెదిలితే, ఆ ప్రవాహం కూడా అజితుడు అడిగినదే. కట్ట అక్కడ కట్టుకోవాలి.

ఈ వర్షావాసంలో మీ విహారంలో కూర్చుని ఈ నాలుగు మాటలు మాట్లాడుకోండి.

1. పాత వీడియోను ఇవాళ్టిదని పంపొద్దు. ఎక్కడిది, ఏ రోజుది తెలియకపోతే అసలే పంపొద్దు. కట్ట తెగిందన్న ఒక్క అబద్ధం రాత్రిపూట ఊరిని రోడ్డు మీదికి తెస్తది. ఇది నాలుగో శీలం.
2. సహాయక హెలికాప్టర్ వస్తుంటే డ్రోన్ వెంటనే దించాలి.
3. మనిషి ముఖం తీసేముందు అడగాలి. అడిగే వీలు లేకపోతే, ఆ బొమ్మ ముందు సహాయం చేసే చేతికి పోవాలి, తర్వాతనే లోకానికి.
4. వరద తగ్గినంక మళ్లీ పోవాలి. గోడ మీద నీటి గుర్తు, కూలిన ఇల్లు, తడిసిన కాగితాలు తేదీతో సహా తీసి ఆ ఇంటివాళ్లకే ఇవ్వాలి. దరఖాస్తు రాయడంలో తోడుండాలి.

నాలుగోదానికి లైకులు రావు. కానీ ఆరు నెలలకు తహసీల్దార్ ఆఫీసులో ఒక అవ్వ చేతిలో ఉండే ఆధారం అదే. కెమెరా ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ మాట చేరవేయండి. వానలు ఇంకా ఉన్నయి.

నమో బుద్ధాయ! జై భీమ్!