పదక్రమం, ప్రత్యయం, బాధ్యత

వాక్యంలో చేసినవారెవరో, దాని ఫలితం పొందినవారెవరో తేల్చేది ప్రత్యయమా, పదక్రమమా? ఈ ప్రశ్న వ్యాకరణంతోనే ముగియదు. నింద ఎవరిపై పడాలన్నది కూడా దీనితో ముడిపడి ఉంది.

ఆంగ్లంలో కర్తృకర్మలను ప్రధానంగా స్థానమే నిర్ణయిస్తుంది. తెలుగులో ఆ పని విభక్తిది. “తల్లి బిడ్డను పిలిచింది”, “బిడ్డను తల్లి పిలిచింది” అన్న రెండింటిలోనూ పిలిచినది తల్లే. మారినది ఊనిక మాత్రమే. అయినా తెలుగు పదక్రమం నిరంకుశం కాదు. “చెరువు గట్టు” వేరు, “గట్టు చెరువు” వేరు. ప్రత్యయం కనిపించని ఇటువంటి సమాసాల్లో అర్థభేదం క్రమం వల్లనే కలుగుతుంది.

కృత్రిమ భాషా నిర్మాతలూ ఈ రెండు మార్గాలనే ఆశ్రయించారు. 1887లో జామెన్‌హోఫ్ వెలువరించిన ఎస్పెరాంటో కర్మకు ‘న్’ చేర్చి క్రమాన్ని సడలించింది. దాని సంస్కరణగా 1907లో వచ్చిన ఇడో, కర్మ కర్తకు ముందు వచ్చినప్పుడే ఆ ప్రత్యయాన్ని విధించింది. లోజ్బాన్‌లో సాధారణంగా స్థానమే పాత్రను తెలుపుతుంది.

అయితే మాట ఎవరిదన్న ప్రశ్న దగ్గర సమస్య జటిలమవుతుంది. వికారాబాద్ జిల్లాలోని దౌల్తాబాద్ కర్ణాటక సరిహద్దుకు చేరువ. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ కలిసే ఈ సీమ అందుకు తగిన నిదర్శనం. ప్రామాణిక ఉర్దూలో చెప్పినవారి ప్రస్తావన ముందు, ‘కి’ తరువాత, చెప్పిన మాట చివర వస్తాయి. తెలుగులో సాధారణంగా మాట ముందు, ‘అని’ దాని వెంట వస్తాయి. కన్నడ ‘ఎందు’ స్థానమూ ఇదే. దక్కనీలో ‘బోల్కే’ తరచు ఇక్కడే నిలవడాన్ని ద్రావిడ ప్రభావంగా భాషావేత్తలు గుర్తించారు. ఈ క్రమంలో మాట ఎవరిదో తెలియకముందే మాట వినబడుతుంది. కనుక వాక్యం ముగిసేదాకా తీర్పు ఆపుకోవడం శ్రోత ధర్మం.

వక్త ధర్మం ఇంతకన్నా కఠినం. “నేను తప్పు చేశానని అతడు చెప్పాడు” అన్న వాక్యంలో తప్పు ఎవరిది? అతడు ఒప్పుకున్నాడా, నన్ను నిందించాడా? ‘అతడు’ను వాక్యాదికి జరిపినా సందిగ్ధత పూర్తిగా తొలగదు. ‘నేను’కు బదులు ‘తాను’ అంటే తప్పు అతడిదేనని స్పష్టమవుతుంది. సందర్భం అర్థాన్ని నిర్ణయిస్తుందని ఆక్షేపించవచ్చు. కాని పంచాయతీలో రాసుకున్న వాంగ్మూలం సందర్భాన్ని దాటి చదవబడుతుంది. అక్కడ ఒకరి ఒప్పుకోలు మరొకరిపై ఆరోపణగా మారవచ్చు.

భాష స్పష్టతకు సాధనాలను మాత్రమే సమకూరుస్తుంది. వాటిలో తగినదాన్ని ఎంచుకోవలసిన బాధ్యత, సహజభాషలోనైనా కృత్రిమభాషలోనైనా, మాట్లాడేవారిదే.