నాయకుడు తనకు పెట్టుకొను గురి

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 18:13-26, సంఖ్యాకాండము 11:24-29, 27:15-23



జీతము లేకుండ పిల్లల మేలు కొరకు పాటుపడు పెద్దవాడు తన నాయకత్వమునకు గురి పెట్టుకొనవచ్చునా? పెట్టుకొనినయెడల అది ఎట్టిదై యుండవలెను? ఈ ప్రశ్న స్కౌటు మాస్టర్లను ప్రతిదినము ఎదుర్కొనుచున్నది. మన పల్లె సంఘములలో ఆదివారపు బడిని, యౌవనుల కూటమును నడుపువారికిని ఇది చెందును. అయితే స్కౌటు ఉద్యమములో దీనికొక క్రమమైన పద్ధతి ఏర్పడినది గనుక ముందుగా అక్కడ చూచెదము.

1907 ఆగస్టులో బేడెన్ పవెల్ అను ఆంగ్ల సేనాధిపతి, ఇంగ్లండు దక్షిణ తీరమందలి బ్రౌన్‌సీ అను చిన్న దీవిలో సుమారు 20 మంది బాలురతో గుడారములు వేయించెను. వారిలో గొప్పవారి పాఠశాలల బిడ్డలు కొందరు. కూలినాలి చేసికొను కుటుంబముల బిడ్డలు కొందరు. ఈ రెండవవారు, 1883లో గ్లాస్గో పట్టణమున స్థాపింపబడిన బాయ్స్ బ్రిగేడ్ అను క్రైస్తవ బాలుర సంఘము ద్వారా వచ్చినవారు. ఆయన ఆ యిరువర్గములను కలిపివేసి నాలుగు దళములు చేసి, ఒక్కొక్క దళమునకు ఒక్కొక్క బాలుని నాయకునిగా నియమించెను. బాలురను బాలుడే నడిపింపవలెను, పెద్దవాడు వెనుక నిలువవలెను అనునదే స్కౌటు పద్ధతికి మూలసూత్రము.

వెనుక నిలుచుటకును శిక్షణ కావలెను. అందుచేత 1919లో లండను సమీపమున గిల్వెల్ పార్కు అను చోట పెద్దల శిక్షణ ఆరంభమైనది. దానిని ముగించినవారికి తోలు త్రాటికి గ్రుచ్చిన రెండు చిన్న కొయ్యపూసలు ఇత్తురు. దీనికే వుడ్ బ్యాడ్జి అని పేరు. 1950లో ఏర్పడిన మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థలోను హిమాలయ వుడ్ బ్యాడ్జి అను శిక్షణ కలదు.

2025 నుండి స్కౌటింగ్ అమెరికా అని పిలువబడుచున్న అమెరికా దేశపు స్కౌటు సంఘములో, తరగతులు ముగిసినంత మాత్రమున ఈ పూసలు ఇయ్యరు. నేర్చుకొనినవాడు తాను చేయదలచిన 5 పనులను కాగితముపై వ్రాయవలెను. దీనిని టిక్కెట్టు అందురు. ఒక్కొక్కటి స్పష్టముగాను, కొలుచుటకు వీలుగాను, సాధ్యమైనదిగాను ఉండవలెను. గడువు 18 నెలలు. అనుభవముగల మరియొకరు దానిని చదివి సలహా చెప్పుదురు. పనులు నెరవేరిన పిమ్మటనే పూసలు లభించును.

ఇట్లు వ్రాసికొనుట విశ్వాసికి తగునా అని కొందరు సందేహింతురు. రేపేమి సంభవించునో తెలియనివారు ఏడాది ముందుగా ఏర్పాటులు చేసికొనుటను యాకోబు తన పత్రికలో (4:13-15) గద్దించెను గదా? నిజమే. అయితే ఆయన గద్దించినది ఏర్పాటును గాదు, దేవుని చిత్తమును విడిచిపెట్టిన ఏర్పాటును. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువే చెప్పెను (లూకా 14:28). జీతగానికి లెక్క అడుగు యజమానుడు ఉండును. ఉచితముగా పనిచేయువానిని ఎవరు అడుగుదురు? “వీలైనప్పుడు చేసెదను” అను మాటలోనే అతని మంచి మనస్సు అంతయు కరగిపోవును. మైదానములో పిల్లలు ఎదురు చూచి యిండ్లకు పోవుదురు. కాబట్టి అతడే అందరికంటె ముఖ్యముగా వ్రాసికొనవలెను.

ఇంతకంటె బరువైన సందేహము మరియొకటి కలదు. కొలువదగినదే వ్రాయుమన్నప్పుడు సులభముగా కొలుచునవే వ్రాయబుద్ధి పుట్టును. “ఈ యేడాదిలో నా దళములో పదిమంది బాలురకు పతకములు వచ్చును” అని ఒకడు వ్రాసెననుకొనుడి. నెమ్మదిగా నేర్చుకొను పదవ బాలుడు అప్పుడు అతనికి అడ్డుగా కనబడును. వానికి ముడి వేయుట రాకపోయినను, తానే సగము వేసి యిచ్చి, వచ్చినట్లు గురుతు పెట్టును. లెక్క సరిపోయినది, గురి నెరవేరినది. ఆ బిడ్డ నేర్చుకొనినది మాత్రము, పని రాకున్నను వచ్చినట్లు కనబడిన చాలుననియే. తలిదండ్రులు నమ్మి పంపిన బిడ్డ నా పేరునకు మెట్టు కావచ్చునా?

ఇందుకు మోషేను చూడుము. ఉదయము మొదలు సాయంకాలము వరకు తానొక్కడే తీర్పు తీర్చుచుండగా, ఇది మంచిది కాదని మామయైన యిత్రో చెప్పెను. మోషే ఆ మాట విని వేయిమందిమీదను, నూరుమందిమీదను, ఏబదిమందిమీదను, పదిమందిమీదను న్యాయాధిపతులను నియమించెను. ఎల్దాదు మేదాదులు పాళెములో ప్రవచించినప్పుడు, వారిని ఆపవలెనని యెహోషువ రోషపడెను. మోషే అయితే ప్రజలందరు ప్రవక్తలైన బాగుండునని కోరెను. తన మరణము తెలిసినప్పుడు తన కీర్తిని గూర్చి అడుగక, సమాజము కాపరిలేని గొఱ్ఱెలు కాకుండ ఒకనిని నియమింపుమని దేవుని వేడుకొనెను. అతని గురి నెరవేరుట ఇతరులు నిలువబడుటలో కనబడినది.

కాబట్టి మనము వ్రాసిన ప్రతి గురిని ఇట్లు పరీక్షింపవచ్చును: ఇది నెరవేరిన దినమున, ఇంతకు ముందు చేయలేని యేపనిని ఎవరు చేయగలరు? “నా పేరు వినబడును” అనుటయే జవాబైనయెడల దానిని కొట్టివేయవలెను. తన్ను తాను దిద్దుకొనుట తప్పు అని దీని భావము కాదు. ప్రథమ చికిత్స నేర్చుకొందును, బాలుర ఆలోచన సభలో వారు ముగించువరకు మాటలాడక యుందును అని వ్రాసికొనుట మంచిదే. దాని ఫలము బిడ్డలకే చేరును.

“శిబిరములో వంట బాగుగా జరిపింతును” అనుటకు మారుగా, “రాబోవు శిబిరములో రెండు దినముల భోజనమును దళనాయకులే ఏర్పాటు చేసి వండుదురు, నేను ప్రక్కన నుండి కాపాడుదును గాని గరిటె పట్టను” అని వ్రాయవచ్చును. అన్నము అడుగంటవచ్చును. అడుగంటిన అన్నము తిన్న బాలుడు మరుసటి పూట మంట తగ్గించుట నేర్చుకొనును. “హాజరు పెంచుదును” అనుటకు మారుగా, “మూడు నెలలలో ప్రతి బాలుని యింటికి పోయి, రానివాడు ఎందుకు రాలేదో తెలిసికొందును” అని వ్రాయవచ్చును. “18 నెలలలో నా స్థానమున నిలువగల ఒకరిని సిద్ధపరచుదును” అనునది అన్నిటికంటె కష్టమైనది. ఒకే కుర్చీలో ఇరువదియేండ్లు కూర్చుండినవానిని జూచి, ఆయన లేనిదే యేదియు జరుగదని జనులు చెప్పుదురు. అతడు దానిని మెప్పుగా వినును. నిజమునకు అది అతని పనిలోని లోటును తెలుపు మాట.

ఇంకొక జాగ్రత్త. మనము కొలువవలసినది మన పనిని. బిడ్డ హృదయమును కాదు. నాటుటయు నీళ్లు పోయుటయు మన చేతిలో నున్నవి, వృద్ధి దేవునిది (1 కొరింథీ 3:6). బాలుడు సత్యవంతుడగునని తేదీ వేసి వ్రాయలేము. వానియెదుట నేను అబద్ధపు గురుతు పెట్టనని మాత్రము వ్రాయగలము.

కాబట్టి ప్రియులారా, బిడ్డల పనిలో నున్న ప్రతివారును ఈ నెల ముగియకముందే ఒక కాగితము తీసికొనుడి. ఐదు కాకున్న రెండు వ్రాయుడి, గడువు వేయుడి. సంఘములో పక్షపాతము లేని పెద్దయొకరికి చూపుడి, ప్రార్థనలో దేవుని యెదుట ఉంచుడి. గడువునాడు ఆ పెద్ద మీ పేరు ఎంత వినబడెనని గాక, బిడ్డలు ఏమి చేయగలుగుచున్నారని అడుగునట్లు వ్రాసికొనుడి.