పూర్వికుల పత్రాలు – పితృఋణం: వంశాన్వేషణపై ఒక నైతిక విచారణ

1. సమస్య స్వరూపం

నదీమూలాన్నీ ఋషిమూలాన్నీ విచారించరాదని తెలుగునాట నానుడి. అయితే వంశం విషయంలో ఈ హితవును సమాజం పూర్తిగా పాటించిన కాలం లేదు. శాసనాలు రాజవంశాలను ఏకరువు పెట్టాయి. కావ్యావతారికలు కృతిభర్త వంశాన్ని తరతరాలుగా వర్ణించాయి. కైఫీయత్తులు గ్రామాల పుట్టుపూర్వోత్తరాలతో పాటు అగ్రహారీకుల, కరణాల, జమీందారుల పరంపరలను నమోదు చేశాయి. ఈ మూడింటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. భూమి, అధికారం, దానం చేసే శక్తి ఉన్నవారి పూర్వికులే వీటిలో పేర్లతో కనిపిస్తారు. మిగిలినవారి వంశస్మృతి ఆశ్రిత కులాల నోట నిలిచింది. పిచ్చకుంట్లవారు గోత్రాలనూ వంశక్రమాన్నీ గానం చేశారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణాన్ని వినిపించారు.

పందొమ్మిదో శతాబ్దం ఈ స్థితిని ఒక విచిత్రమైన రీతిలో మార్చింది. ఏ కావ్యంలోనూ శాసనంలోనూ చోటు దొరకని వ్యక్తి పేరు, వయసు, తండ్రి పేరు, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చతో సహా కాగితం మీదికి ఎక్కాయి. అతన్ని స్మరించడం ఆ రాత ఉద్దేశం కాదు. కూలికి పంపడానికి, పన్ను విధించడానికి, సంఘంలో చేర్చుకోవడానికి, లెక్కించడానికి అలా రాశారు. ఓడల జాబితాలు, చర్చి రిజిస్టర్లు, జనాభా లెక్కల పత్రాలు ఈ కోవకు చెందినవి. నేడు వీటి ఆధారంగా పూర్వికులను వెతుకుతున్నవారు అనేకులు. ఈ అన్వేషణ పద్ధతుల గురించి వచ్చినంత రచన దాని నైతికత గురించి రాలేదు. పరాయి అవసరానికి రాసిన పత్రంలో దొరికిన పూర్వికుడి పట్ల వారసుడి బాధ్యత ఏమిటి? పూర్వికుడు స్వయంగా మరుగుపరచిన దాన్ని వెలికితీసే హక్కు వారసుడికి ఉందా? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి విషయం.

2. పత్రం ఎవరి మాట?

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు నాటాల్‌కు వెళ్లిన ఒప్పంద కూలీల సంఖ్య 1,52,184. వారిలో అత్యధికులు మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కినవారే. తమిళులతో పాటు విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల తెలుగువారు కూడా వారిలో ఉన్నారు. ప్రతి వ్యక్తికీ ఒక సంఖ్య ఇచ్చి, దాని ఎదుట పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, దేహచిహ్నాలు నమోదు చేశారు. నాటాల్ తెలుగువారి వారసులు తమ మూలం వెతకాలంటే ముందుగా ఈ జాబితాల వద్దకే వెళ్లాలి.

అయితే ఈ జాబితాలోని ప్రతి గడినీ నింపినది గుమాస్తా కలం. కూలీ చెప్పిన మాట దుబాసీ నోట మారి, ఆంగ్ల లిపిలో మరోసారి మారింది. తెలుగు కుటుంబాన్ని గుర్తించడానికి అత్యవసరమైన ఇంటిపేరుకు ఆ పట్టికలో ప్రత్యేకంగా గడి లేదు. తరువాతి తరాల్లో నాయుడు, రెడ్డి వంటి గౌరవవాచకాలు కుటుంబనామాలుగా స్థిరపడ్డాయి. దాంతో ఒకే పేరుగల వేలాది కుటుంబాలు ఏర్పడి, అసలు ఇంటిపేరు చాలాచోట్ల మాసిపోయింది. ‘కోరంగి’ పదం చరిత్ర కూడా ఇలాంటిదే. గోదావరి ముఖద్వారం దగ్గరి ఒక రేవు పేరు బర్మాలో తెలుగువారందరికీ జాతివాచకమైంది. వారు ఏ ఊరి నుంచి వచ్చారన్నది ఆ పదంలో అణగిపోయింది.

కాబట్టి పత్రాన్ని పూర్వికుడి వాఙ్మూలంగా భావించడం సరికాదు. పూర్వికుడి గురించి అధికారి ఇచ్చిన సాక్ష్యంగా దాన్ని చదవాలి. పాఠపరిష్కర్తలకు ఈ విచక్షణ కొత్తది కాదు. లేఖకుడి పొరపాటునూ కవి పాఠాన్నీ వేరుచేయడం తెలుగు పరిశోధనలో స్థిరపడిన పద్ధతే. కానీ తాళపత్రం మీద చూపే ఆ అనుమానాన్ని ప్రభుత్వ రిజిస్టరు మీద చూపేవారు తక్కువ.

దీనికి ప్రతిగా మౌఖిక స్మృతినే నమ్మాలనడం కూడా నిలవదు. అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన ‘రూట్స్’, సహవాసి అనువాదంలో ‘ఏడు తరాలు’గా తెలుగు పాఠకులకు సుపరిచితం. గాంబియాలోని ఒక వంశగాయకుడి కథనమూ అమెరికాలోని పత్రాలూ ఒకదానితో ఒకటి కలిశాయన్నది హేలీ ప్రతిపాదన. 1981లో గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షౌన్ మిల్స్ ఆ పత్రాలను తిరిగి పరిశీలించారు. కుంటా కింటేను తెచ్చిందని చెప్పిన ఓడ 1767లో రేవు చేరకముందే ‘టోబీ’ అనే బానిస వర్జీనియా పత్రాల్లో ఉన్నాడని చూపారు. వంశగాయకుడు అడిగినవారి కోరికకు అనుగుణంగా చెప్పి ఉండవచ్చన్న విమర్శ కూడా వచ్చింది. అయినా ఆ గ్రంథం కోట్లమందికి తమ పూర్వికులూ వెతకదగినవారేనన్న ధైర్యాన్నిచ్చింది. ఆ ధైర్యం విలువ తగ్గదు. ఆ ఒక్క వంశవృక్షం మాత్రం సత్యంగా నిలబడదు. ఈ రెండు వాక్యాలనూ ఏకకాలంలో అంగీకరించగలగడం వంశాన్వేషణకు తొలి నైతిక నియమం.

3. ఋణమా, హక్కా?

వారసుడు పూర్వికులను ఎందుకు వెతకాలి? పాశ్చాత్య తత్త్వవేత్తలలో డేవిడ్ వెల్లెమన్ (2005) తన జన్మసంబంధీకులను ఎరగనివారికి ఆత్మజ్ఞానానికి అవసరమైన ఒక ఆధారం కొరవడుతుందని వాదించాడు. శాలీ హాస్లాంగర్ (2009) దీన్ని ఖండించింది. తనను తాను తెలుసుకోవడానికి రక్తసంబంధపు కథ అనివార్యమేమీ కాదని, దాన్ని అనివార్యమనడం దత్తత వంటి బంధాలను తక్కువచేయడమని ఆమె వాదం. ఈ చర్చ అంతా జీవించి ఉన్నవారి అవసరం చుట్టూ తిరుగుతుంది. వంశజ్ఞానం వారసుడికి లాభమా, కాదా అన్నదే అక్కడి ప్రశ్న.

భారతీయ సంప్రదాయంలోని ఋణభావన ఈ దిశను తిప్పుతుంది. బ్రాహ్మణుడు దేవ, ఋషి, పితృ ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. ఋణంలో వారసుడు బాకీదారు. పూర్వికుడు అతని ఆస్తి కాడు. తర్పణవిధి మరొక సూక్ష్మాన్ని చూపుతుంది. తండ్రి, తాత, ముత్తాతలను పేరుతో పిలిచి వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా భావిస్తారు. అంతకు పైవారు పేరులేని పితృగణంలో కలిసిపోతారు. సంతానం లేక పోయినవారికీ, ఎవరో తెలియనివారికీ కూడా అక్కడ నీరు వదులుతారు. అంటే ఋణం తీర్చడానికి గుర్తింపు షరతు కాదు. ముత్తాతకు పైవారి పేర్లు తెలియనంత మాత్రాన వారసుడు భ్రష్టుడు కాడు. పత్రం దొరకని కుటుంబాలకు, ముఖ్యంగా చరిత్ర పేరు రాయని కులాలవారికి, ఈ అంశం ఎంతో ముఖ్యం.

ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుడి వృత్తాంతం ఇక్కడ గీటురాయి. గోత్రమేమిటని గురువు అడిగాడు. తనకు తెలియదని తల్లి చెప్పిన మాటనే బాలుడు యథాతథంగా చెప్పాడు. గౌతముడు అతన్ని శిష్యుడిగా స్వీకరించాడు. ఈ కథను సాధారణంగా సత్యప్రశంసగా చదువుతారు. వంశాన్వేషణ దృష్టితో చూస్తే ఇందులో మరొక ధర్మం ఉంది. వంశపత్రంలో ఖాళీగా ఉన్న గడిని కల్పనతో నింపడం కంటే ఖాళీగా చూపడమే యోగ్యత. ఈ సూత్రాన్ని కులపురాణాలకూ, కీర్తివంతుడైన పూర్వికుడిని అతికించుకునే ఆధునిక వంశవృక్షాలకూ సమానంగా అన్వయించవచ్చు.

4. దాచిన పేరు

గతించినవారికి అపకారం జరుగుతుందా అన్నది ప్రాచీన ప్రశ్న. మరణానంతరం అనుభవించే కర్త లేడు గనుక అపకారం లేదని ఎపిక్యూరస్ మతం. వారసుల భాగ్యాభాగ్యాలు గతించినవారిని కొంతైనా తాకుతాయని, అలా కాదనడం మైత్రిలేని మాట అవుతుందని అరిస్టాటిల్ భావించాడు. జోయెల్ ఫైన్‌బర్గ్ (1984) మధ్యేమార్గం సూచించాడు. మనిషి పోయినా అతని కొన్ని ప్రయోజనాలు బతికే ఉంటాయి, కీర్తి, ఇచ్చిన మాట, కాపాడుకున్న రహస్యం అటువంటివి, వాటిని భంగపరచడం ఆ మనిషికి చేసిన అపకారమే అని అతని వాదం.

ఈ వాదానికి నిజమైన పరీక్ష ఒప్పంద కూలీల జాబితాలోని కులం గడి. ఓడ ఎక్కేటప్పుడు కొందరు పేరూ కులమూ మార్చి చెప్పారన్నది వలస చరిత్రకారులు గుర్తించిన విషయమే. వారిలో భర్త ఇంటి నుంచి పారిపోయిన స్త్రీ ఉండవచ్చు, అప్పుల నుంచి తప్పించుకున్న రైతు ఉండవచ్చు, ఊరి చివరి వాడ నుంచి వెళ్లిన దళితుడు ఉండవచ్చు. నూట యాభై ఏళ్ల తరువాత వారసుడు గ్రామానికి వచ్చి, బంధువులను వెతికి, జాబితాలోని కులం అబద్ధమని తేల్చాడనుకుందాం. అతడు కనుగొన్నది సత్యమే. కానీ సముద్రం దాటడానికి ఆ పూర్వికుడు చెల్లించిన మూల్యంలో ఆ మార్పు ఒక భాగం. కొత్త పేరు అతడు తనకు తానుగా రాసుకున్న ఒకే ఒక వాక్యం. మిగిలిన గడులన్నీ గుమాస్తావి.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపం ఉంది. దాచిన కులాన్ని దాచే ఉంచితే దాచవలసి వచ్చిన పీడన చరిత్ర కూడా దాగిపోదా? ఈ ఆక్షేపం తోసిపుచ్చదగినది కాదు. దీనికి సమాధానం రెండు భేదాలలో ఉంది. మొదటిది, స్వయంగా ఎంచుకున్న మౌనానికీ ఇతరులు విధించిన మౌనానికీ మధ్య భేదం. పూర్వికురాలి పేరు అధికారి రాయకపోతే దాన్ని వెలికితీయడం ఋణవిమోచనం. ఆమే పేరు మార్చుకుంటే మార్చుకున్న పేరుకు తొలిస్థానం ఇవ్వాలి, పాతపేరు దాని వెనుక నిలవాలి. రెండవది, తెలుసుకోవడానికీ ప్రకటించడానికీ మధ్య భేదం. పీడన చరిత్ర రాయడానికి వ్యక్తి పేరు ప్రతిసారీ అవసరం లేదు. బ్రిజ్ లాల్ 1983 నాటి ‘గిర్మిటియాస్’ గ్రంథంలో కలకత్తా రేవు నుంచి ఫిజీకి వెళ్లిన సుమారు 45 వేల మంది వలస పత్రాలను గణించి, ఏ కులాలవారు, ఏ జిల్లాలవారు, ఎంతమంది స్త్రీలు వెళ్లారో చూపాడు. ఏ ఒక్క కుటుంబపు గుట్టూ విప్పకుండానే ఒక జాతి చరిత్ర సాధ్యమని ఆ కృషి నిరూపించింది. వారసుడు తన దళిత మూలాన్ని గర్వంగా ప్రకటించుకోవచ్చు. అది అతడు తన గురించి చెప్పే మాట. అదే పత్రం ఆధారంగా దాయాదుల కులాన్ని అందరి ముందు పెట్టే అధికారం మాత్రం అతనికి రాదు.

5. రిజిస్టరులోని పంక్తి, బతికున్నవారి భవితవ్యం

పూర్వికుల పత్రాలు గతానికే పరిమితం కావని తెలుగునేలపై చర్చి రిజిస్టర్లు చూపుతున్నాయి. 1876–78 కరవు తరువాత, 1878 జూలై 3న అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనులో, జాన్ క్లౌ నాయకత్వాన, గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఇటువంటి సామూహిక చేరికల నాటి నమోదులో చోటు దక్కిన కుటుంబాలకు ఆ పంక్తి అపురూపమైనది. అంతకు ముందు ఏ పుస్తకమూ వారిని పేరుతో పిలవలేదు.

ఆ పంక్తికే మరొక ముఖం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించింది, క్రైస్తవులకు విస్తరించలేదు. తెలుగు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గంగా ఉన్నారు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు కుల ధ్రువీకరణను నిరాకరిస్తూ, బాప్తిస్మ నమోదును కూడా ఆధారాలలో ఒకటిగా పరిగణించింది. 2015 నాటి మరో తీర్పు ప్రకారం, మతం మారిన కుటుంబంలోని వ్యక్తి తిరిగి హిందూమతంలోకి వచ్చి పూర్వపు కులహోదా కోరితే, ఆ కులం వంశంలో ఉన్నదని రుజువు చూపాలి. పూర్వికుడిని పేరుతో పిలిచిన మొదటి పత్రం వారసుడి మీద సాక్ష్యంగానూ నిలబడగలదు, అతని పక్షాన సాక్ష్యంగానూ నిలబడగలదు. అందువల్ల ఒక గ్రామపు చర్చి రిజిస్టరును పరిశోధకుడు పేర్లతో సహా ప్రచురించడం నిర్వికారమైన విద్యావ్యాసంగం కాదు. అది కొందరి చదువునూ ఉద్యోగాన్నీ తాకగల చర్య.

జనాభా లెక్కల విషయంలో రాజ్యాలు ఈ సున్నితత్వాన్ని గుర్తించాయి. బ్రిటన్‌లో వ్యక్తుల వివరాలను నూరేళ్లపాటు మూసి ఉంచుతారు, 1921 నాటి పత్రాలు 2022లో తెరుచుకున్నాయి. అమెరికాలో ఈ గడువు 72 ఏళ్లు. భారతదేశపు 1948 జనగణన చట్టం 15వ సెక్షను నమోదు పత్రాల పరిశీలనకు అవకాశమివ్వదు, వాటిని సాక్ష్యంగా అనుమతించదు. వలసకాలపు లెక్కల నుంచి నేటి పరిశోధకుడికి మిగిలినవి కులాల, వృత్తుల సంఖ్యలే. వంశాన్వేషకుడికి ఇది నిరాశ. కాలగడువు అనే ఉపాయం మాత్రం సంపూర్ణం కాదు. కులం విషయంలో నూరేళ్లు గడచినా ‘గతం’ గతించలేదు. బ్రిటన్ పౌరుడి ముత్తాత వృత్తి నేడు ఒక ఆసక్తికర విషయం. తెలుగు పౌరుడి ముత్తాత కులం నేటికీ వివాహాన్నీ, అద్దె ఇంటినీ, అవకాశాన్నీ నిర్ణయించగలదు.

6. ముగింపు

పై విచారణ నుంచి నాలుగు నియమాలు తేలుతాయి. పత్రాన్ని రాసినవారి ప్రయోజనంతో కలిపి చదవాలి. తెలియని చోటును తెలియదనే రాయాలి. పూర్వికుడు తనకు తానుగా ఎంచుకున్న పేరుకు అధికారి ఇచ్చిన పేరుకంటే ఎక్కువ గౌరవం ఇవ్వాలి. ఒకే పూర్వికుడికి అనేకులు వారసులు గనుక, ప్రకటనకు పూనుకునే ముందు ఆ పంక్తి నేడు ఎవరి బతుకును తాకుతుందో విచారించాలి.

ఈ నియమాలు అన్వేషణను నిరుత్సాహపరచేవి కావు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు వలసాంధ్రుల సాహిత్యాన్నీ దళిత క్రైస్తవ కుటుంబాల ఆత్మకథలనూ పరిశోధనాంశాలుగా స్వీకరిస్తున్న ఈ కాలంలో ఇటువంటి పత్రాల వినియోగం పెరుగుతుంది. పాఠ్యప్రామాణ్యం గురించి తెలుగు పరిశోధన ఏర్పరచుకున్న కఠిన నియమాలకు తోడుగా పాఠంలోని మనుషుల పట్ల కూడా నియమాలు ఏర్పరచుకోవలసి ఉంది. పేరు చెప్పి నీరు వదలడం ఎంత ధర్మమో, చెప్పవద్దని కోరినవారి పేరును గణంలో కలిపి స్మరించడం కూడా అంతే ధర్మం. పితృఋణం ఈ రెండు విధాలా తీరుతుంది.