నేటి చింతన: నాన్న బండి, బాలాలయం



 2025లో మహాలయ అమావాస్య సెప్టెంబరు 21న, ఆదివారం వచ్చింది. ఆ తర్వాత పది రోజులకు మహర్నవమి, ఆయుధ పూజ. ముందు పెద్దలకు తిలోదకాలు, ఆ తర్వాత పనిముట్లకు పసుపు కుంకుమ. చిన్నప్పటి నుంచి చూస్తున్న వరుసే. కానీ ఇది ఎందుకిలా ఉందో ఆ ఏడాదే నాకు కొంచెం అర్థమైంది. అదే మీతో చెప్పుకుందామని.

నేను పండితుణ్ని కాను. జర్మనీలో కెమ్నిట్స్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీలో మూడు షిఫ్టులూ చేసే మామూలు మనిషిని. తప్పులుంటే పెద్దలు దిద్దండి.

2021 మే నెలలో మా నాన్న పోయారు. అప్పటి పరిస్థితి మీకు తెలుసు. నేను వెళ్ళలేకపోయాను. మా పెదనాన్న కొడుకు తలకొరివి పెట్టాడు. నేను ఇక్కడ వంటింట్లో నిలబడి ఫోన్లో చూశాను. మధ్యలో రెండుసార్లు వీడియో ఆగిపోయింది. ఆ సాయంత్రం మళ్ళీ డ్యూటీకి వెళ్ళాను. మన గ్రూపులో ఇలాంటి సాయంత్రం గడిపినవాళ్ళు నేనొక్కణ్నే కాదని నాకు తెలుసు.

నాన్న పశువైద్యశాలలో కాంపౌండరు. చీరాల చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒక యెజ్డీ బండి మీద తిరిగేవారు. ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు. గేరు మార్చే లివరే కిక్కు కొట్టే లివరు కూడా. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, వదిలేస్తే గేరు. చిన్నప్పుడు నాకది మాయలా ఉండేది. నాన్న పోయాక బండి గొడ్లచావిట్లో పట్టా కింద మూలపడింది. నిరుడు వేసవిలో వెళ్తే అన్నయ్య అన్నాడు, "తుప్పు పట్టిపోయిందిరా, పాతసామాన్లవాడికి ఇచ్చేద్దాం" అని. ఆయన తప్పేం లేదు. రోజూ దాన్ని చూస్తూ బతికేది ఆయన.

నేను ఏమీ అనలేకపోయాను. మా అమ్మాయి, అప్పటికి పదకొండేళ్ళది, పట్టా ఎత్తి చూసి, "ఇది మనం బాగుచేద్దాం నాన్నా" అంది. అంతే. కిక్ లివరు, హెడ్‌లైట్ రింగు, టూల్‌బాక్సు మూత, ట్యాంకు మీది పేరు బిళ్ళ విప్పి సూట్‌కేసులో పెట్టుకున్నాం. ఇంజను పని వచ్చే వేసవికి అనుకున్నాం.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. యెజ్డీ మైసూరులో తయారైన బండి. 1961లో అక్కడ మొదలైంది జావా, 1973 నుంచి దానికే యెజ్డీ అని పేరు. ఆ జావా పుట్టింది 1929లో, ప్రాగ్‌లో. యానెచెక్ అనే ఆయన వాండరర్ కంపెనీ మోటారుసైకిలు తయారీని కొనుక్కుని, తన పేరులోంచి ఒక ముక్క, ఆ కంపెనీ పేరులోంచి ఒక ముక్క కలిపి జావా అన్నాడు. ఆ వాండరర్ కంపెనీ ఏ ఊరిదో తెలుసా? ఇదే కెమ్నిట్స్! నాన్న బండికి మూలమైన జావా పేరులో సగం నేను రోజూ డ్యూటీకి వెళ్ళే ఊరిది. ఇది తెలిసిన రోజు ఒళ్ళు జలదరించింది. పరాయి ఊరు అనుకున్నది అంత పరాయిదేం కాదు.

ఈ ఊళ్ళో వరసలు వరసలుగా పాత గ్యారేజీలు ఉంటాయి. తూర్పు జర్మనీ రోజుల్లో కారు కావాలంటే ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అందుకే ఉన్న బండినే ఎవరికి వారు బాగుచేసుకునేవారు. 2025లో కెమ్నిట్స్ ఐరోపా సాంస్కృతిక రాజధాని అయింది కదా, అందులో ఆ గ్యారేజీల మీదే ఒక పెద్ద కార్యక్రమం పెట్టారు. మా పక్కింటి పెద్దాయన కూడా అలాంటివారే. మా అమ్మాయి ఆయన్ని ఓపా అంటుంది, తాతయ్యా అన్నట్టు. తన గ్యారేజీలో మాకో మూల ఇచ్చారు. నిమ్మ ఉప్పు నీళ్ళలో ఇనుప సామాను నానబెట్టి, మర్నాడు కడిగి, వంటసోడా నీళ్ళలో ముంచి, తుడిచి, నూనె రాయడం ఆయనే నేర్పారు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఒక శనివారం నేను ఫోన్ మాట్లాడి వచ్చేసరికి, అమ్మాయి ట్యాంకు బిళ్ళను ఇనుప బ్రష్‌తో గట్టిగా తోమేసింది. పైపూత గీతలు పడింది. నాకు ఒళ్ళు తెలియలేదు. "మా నాన్న ముట్టుకున్న వస్తువు, పాడుచేశావు కదే!" అని గ్యారేజీ అదిరేలా అరిచాను. పిల్ల బ్రష్ కింద పెట్టి వెళ్ళిపోయింది. రెండు వారాలు నాతో సరిగా మాట్లాడలేదు, గ్యారేజీకి రాలేదు.

ఆ రెండు వారాలూ ఒంటరిగా తోముతూ కూర్చుంటే యాదాద్రి గుర్తొచ్చింది. గుడి కొత్తగా కట్టినన్నాళ్ళూ గుహలోని స్వయంభువును కదపలేదు. భక్తుల కోసం పక్కనే బాలాలయం కట్టి, నిత్య పూజలు అక్కడ జరిపించారు. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ అయ్యేదాకా లక్షలమంది దండం పెట్టుకున్నది ఆ చిన్న గుడిలోనే. జీర్ణోద్ధరణ అంటే అదీ. గోడ పడగొట్టవచ్చు, మళ్ళీ కట్టవచ్చు. పూజ మాత్రం ఒక్కపూట కూడా ఆగకూడదు.

మరి నేనేం చేశాను? ఇనుప బిళ్ళను మూలవిరాట్టు అనుకుని, ఎదురుగా ఉన్న బాలాలయం మీద అరిచాను. మా నాన్న నవ్వు, మా నాన్న పట్టుదల ఉన్నది ఆ బిళ్ళలో కాదు, ఆ పిల్లలో. పితృ ఋణం సంతానం ద్వారా తీరుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. పిల్లల్ని కనడంతో అది తీరిపోతుందని నేననుకున్నాను. కాదు. తాతలో ఉన్న మంచి మనవరాలి చేతికి అందాలి. అది అరుపులతో అందదు.

వెళ్ళి పిల్లకు క్షమాపణ చెప్పాను. తండ్రి పిల్లకు చెప్పడమేంటి అనకండి, చెప్పి చూడండి. మర్నాడు వచ్చింది. ఇద్దరం కిక్ లివరు తోముతున్నాం. తల ఎత్తకుండానే అడిగింది: "తాతయ్య చనిపోయినప్పుడు నువ్వు ఎందుకు వెళ్ళలేదు? నీకు బాధ రాలేదా?" నాలుగేళ్ళుగా ఆ ప్రశ్న దాని కడుపులో ఉంది. విమానాలు, ఆంక్షలు, ఆ వీడియో, ఆ సాయంత్రం డ్యూటీ, అన్నీ చెప్పాను. ఎదురెదురుగా కూర్చుంటే చెప్పలేకపోయేవాణ్ని. చేతిలో పని ఉండబట్టి, చూపు లివరు మీద ఉండబట్టి నోరు పెగిలింది.

మీకూ ఆ బాధ ఉంటే రామాయణం ఒక్కసారి తలుచుకోండి. దశరథుడు పోయినప్పుడు పెద్దకొడుకు రాముడు పక్కన లేడు. అంత్యక్రియలు భరతుడు చేశాడు. ఆ కబురు రాముడికి చిత్రకూటంలో, భరతుడు వచ్చాకే తెలిసింది. విని స్పృహ తప్పి పడిపోయాడు. తర్వాత మందాకినిలో దిగి తర్పణం విడిచాడు. అడవిలో తాను తినే గారపిండి, రేగుపళ్ళు కలిపి పిండం పెట్టాడు. అయోధ్య నుంచి నెయ్యి, బియ్యం తెప్పించలేదు. ఉన్నచోట, ఉన్నదానితో చేశాడు. సాక్షాత్తూ రాముడికే తప్పలేదు, మనమెంత?

ఈ వేసవి సెలవుల్లో ఊరెళ్ళాం. పిస్టను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గు తీసి, ఆ కన్నంలోంచి ఆయిలు పోసి నాలుగు రోజులు వదిలేశాం. మేస్త్రీ కొత్త రింగులు, ఆయిల్ సీళ్ళు వేశాడు. పెట్రోల్లో 2టీ ఆయిలు కలిపే పని అమ్మాయిదే. గీతలు పడిన బిళ్ళను గీతలతోనే బిగించాం. కొత్తది దొరుకుతుంది, కానీ వద్దనుకున్నాం. ఆ గీతలు ఇప్పుడు ఆ బండి కథలో ఒక భాగం.

కిక్కు నేను కొట్టాను. పదిహేను సార్లయినా కొట్టి ఉంటాను. అంటుకోగానే పొగ, ఆ రెండు సైలెన్సర్ల మోత. లోపల పూజగదిలో ఉన్న అమ్మ బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. కాసేపు విని, "ఆరయినట్టుందే" అంది. నాన్న డ్యూటీ నుంచి ఇంటికి వచ్చే వేళ అది. ఇంకేం అనలేదు. మా అమ్మాయి వెళ్ళి నానమ్మ చెయ్యి పట్టుకుంది.

బంధువులారా, అందరి ఇళ్ళలో యెజ్డీ ఉండదు. కుట్టుమిషను ఉంటుంది, రేడియో ఉంటుంది, పాత గడియారం ఉంటుంది. ఏదీ లేకపోతే ఒక కూర వండే పద్ధతి ఉంటుంది. మహాలయ అమావాస్యకు నువ్వులు, నీళ్ళు వదలండి. ఆ రోజే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని తాతల గురించి ఒక్క సంగతి చెప్పండి. చేతికి ఒక పని ఇచ్చి చెప్పండి. పాడుచేస్తే చేయనివ్వండి. నవమి నాడు ఆ వస్తువుకు బొట్టు వాళ్ళ చేతే పెట్టించండి.

ఇది పదిమందికి పంపకపోయినా పరవాలేదు. మీ ఇంట్లో తెలుగు చదవడం రాని చిన్నవాళ్ళు ఉంటే, వాళ్ళకు చదివి వినిపించండి. అది చాలు.

శుభం భూయాత్ 🙏