బేరసారములందు సదాచారము

ఇష్టలింగమును ధరించిన భక్తునకు దేవుడు గుడిలో మాత్రమే ఉండువాడు కాడు. తెల్లవారుజామున కరస్థలమున నిలిపి పూజించిన లింగమునే అతడు మరల ఱొమ్మున ధరించి కార్యాలయమునకు పోవును, కర్మాగారమునకు పోవును, సంతకు పోవును. అంగడిలో అతడాడు ప్రతి మాటకును ఆ లింగమే సాక్షి. పూజామందిరమునకు ఒక నీతి, బజారునకు మఱియొక నీతి యనునది లింగవంతునకు పొసగదు. కావుననే వీరశైవ ధర్మమున పంచాచారములలో లింగాచారము వెంటనే సదాచారము చెప్పబడినది. సత్యశుద్ధమైన కాయకముచే ఆర్జించుట, ఆర్జించినదానిని దాసోహభావముతో వినియోగించుట సదాచారమునకు రెండు కన్నులు.

ఆర్జనను గూర్చి పెద్దలు ఎంతయో చెప్పియున్నారు. కొనుగోలును గూర్చి అంతగా ఆలోచించువారు అరుదు. అమ్మువాడు మోసము చేయరాదని అందఱును అంగీకరింతురు. కొనువాడును ధర్మము తప్పవచ్చునని ఎందఱు తలంచుచున్నారు? తక్కువకు కొనిన వానిని గడుసువాడని లోకము మెచ్చుకొనును. ఆ మెప్పు వెనుక దాగిన దోషమును విచారింపవలసి యున్నది.

విశాఖపట్టణమున ఈ విచారము మిక్కిలి అవసరము. 1933లో ఓడరేవు ప్రారంభమైనది మొదలు ఈ నగరము నలుదిక్కులనుండి వచ్చిపోవు జనులతో పెరిగినది. తూర్పు నౌకాదళ కేంద్రమిచట నుండుటచే కొన్ని సంవత్సరములకొకసారి బదిలీపై వచ్చు కుటుంబములు, పోవు కుటుంబములు అనేకములు. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమున పనిచేసి విరమించువారు ఉక్కునగరములోని క్వార్టర్లు విడిచి స్వస్థలములకు తరలుచుందురు. విశ్వవిద్యాలయమున చదువు ముగించిన విద్యార్థులు మంచములు, బల్లలు, పుస్తకములు వదలి పోవుచుందురు. తరలిపోవు ప్రతి కుటుంబమునకును అమ్మవలసిన వస్తువులుండును. క్రొత్తగా కాపురము పెట్టువారికి అవే వస్తువులు కావలెను.

పూర్వము ఈ క్రయవిక్రయములు ఇరుగుపొరుగుల నోటిమాటవలననో, పత్రికలోని చిన్న ప్రకటనవలననో, పాతసామాను వర్తకుని వలననో జరిగెడివి. నేడు చేతిలోని ఫోనే సంతయైనది. ఓఎల్ఎక్స్ వంటివానిలో వస్తువు ఛాయాచిత్రమును, వెలను ఉంచిన గడియలోపలనే పదిమంది అపరిచితులు పలుకరింతురు. నమస్కారము లేదు, వస్తువు ఎట్లున్నదను ప్రశ్న లేదు, "లాస్ట్ ఎంత?" అనునదే మొదటి మాట. ఎదుటివాని ముఖము కనబడదు. ముఖము కనబడనిచోట దయ కూడ మఱుగుపడుట సులభము.

ఒక దృష్టాంతమును భావింతము. ఉక్కునగరమున ముప్పది సంవత్సరములకు పైగా పనిచేసి విరమించిన ఒక వృద్ధుడు శ్రీకాకుళము జిల్లాలోని స్వగ్రామమునకు పోవలసియున్నాడు. ఎల్లుండి ఇంటి తాళములు అప్పగింపవలెను. తన ఫ్రిజ్‌ను ఆరువేల రూపాయలకు ఇత్తునని ఫోనులో ప్రకటించెను. గాజువాకనుండి ఒక గృహస్థుడు వచ్చి చూచెను. వస్తువు బాగుగనే యున్నది. అయిదువేలు తగిన వెలయని వెంట తెచ్చుకొన్న మెకానిక్కు చెవిలో చెప్పెను. అప్పుడు బేరము మొదలైనది.

"ఆఖరు మాట చెప్పండి మాస్టారూ."

"ఆరన్నాను బాబూ. అయిదున్నర ఇప్పించండి. కంప్రెసరు మార్చి రెండేళ్లే అయింది. క్రింద కొంచెము తుప్పు పట్టింది, అది ముందే చెబుతున్నాను."

"ఎల్లుండి మీరు ఇల్లు ఖాళీ చేయాలి గదా! లారీలో దీనికి చోటెక్కడ? రెండున్నర ఇస్తాను. ఇష్టమైతే ఇప్పుడే పట్టుకుపోతాను."

వృద్ధుడు భార్యవైపు చూచెను. ఆమె తల వంచుకొనెను. రెండున్నర వేలకే బేరము ముగిసెను.

ఇందు చట్టము దృష్టిలో తప్పేమియు లేదు. బలాత్కారము లేదు, దొంగతనము లేదు, ఇరువురును అంగీకరించిరి. అయినను ఆ గృహస్థుడు వెల కట్టినది దేనికి? ఫ్రిజ్‌కు కాదు. దాని వెల అయిదువేలని అతనికి తెలియును. అతడు వెల కట్టినది వృద్ధుని కంగారునకు. పరుని అవసరమును తూచి, ఆ తూకమును తన లాభముగా మార్చుకొనెను. దోషమిచ్చట నున్నది.

బేరమాడుటయే పాపమని దీని భావము కాదు. పాతవస్తువునకు ముద్రించిన వెల యుండదు. దాని వయస్సు, అరుగుదల, మరమ్మత్తునకగు వ్యయము, క్రొత్తదాని వెల — వీనినన్నిటిని కలిపి ఇరువురును మాటలాడుకొనియే వెలను కనుగొనవలెను. అట్టి సంభాషణము న్యాయమైనది. పండ్రెండవ శతాబ్దమున కల్యాణనగరమున బిజ్జలుని కొలువులో భండారమును నిర్వహించిన బసవేశ్వరునకు లెక్కల విలువ తెలియనిది కాదు. ఆ మహనీయుడు ధనమును తిరస్కరింపుమని బోధింపలేదు. ధనము వచ్చు మార్గమును, పోవు మార్గమును శుద్ధముగా నుంచుమని బోధించెను. దొంగిలింపవద్దు, అసత్యమాడవద్దు, ఇతరులను హీనముగా చూడవద్దు అనునవి ఆయన ఉపదేశమున అంతశ్శుద్ధికిని బహిశ్శుద్ధికిని మూలములు. ఈ మూడును బేరమునకు చక్కగా వర్తించును. పరుని కష్టమునుండి లాభము పిండుట దొంగతనమునకు పొరుగున నున్నది. "ఇంతకంటె తక్కువకే వేరొకరు ఇచ్చెదమన్నారు" అని లేని బేరమును కల్పించుట అసత్యము. మంచి వస్తువును చూచి "ఇది చెత్త" యని తూలనాడి, అమ్మువానిని చిన్నబుచ్చుట హీనముగా చూచుట. భృత్యాచారమును పాటించువాడు ఎదుటివాని ముంగిట సేవకుని వినయముతో నిలువవలెను గాని, వాని ఇంటిలో నిలిచి వాని వస్తువును నిందింపరాదు.

శరణుల చరిత్రలో నులియ చందయ్య కథ ఈ సందర్భమున స్మరింపదగినది. చందయ్య గడ్డి కోసి, పగ్గములు పేని, వానిని అమ్మగా వచ్చిన ధనముతో జంగమ దాసోహము చేయుచుండెను. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీటిలో పడినను ఆయన కాయకమును విడువలేదట. తుదకు లింగదేవుడే సేవకుడై ఆయన పేనిన పగ్గమును మోసికొని అమ్మబోయెనని సంప్రదాయము చెప్పుచున్నది. బసవేశ్వరుడు ఆ పగ్గమును కొని, భక్తిచే దాని విలువకంటె ఎంతయో అధికమైన ధనమిచ్చెను. చందయ్య సంతోషింపలేదు, పగ్గమునకు తగిన వెలయే తన కాయకఫలము, తక్కినది తనది కాదనెను. లాభము తనకే కలుగుచున్నను, ఇచ్చువాడు ఇష్టపడియే ఇచ్చుచున్నను, సరియైన వెలను మించినదానిని ఆయన అంగీకరింపలేదు. ఇచ్చువాడు దుఃఖముతో ఇచ్చుచున్నదానిని పుచ్చుకొను నేటి కొనుగోలుదారుడు ఈ కథ ముందు ఎట్లు నిలువగలడు?

ఆయ్దక్కి లక్కమ్మ కథయు ఇట్టిదే. ఆమె భర్త మారయ్య నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యముకంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ ఆనందింపలేదు. అవసరమునకు మించినది ఆశ అగునని, శివుడొప్పడని పలికి, అధికమైనదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. మిగిలినది చూచి పొంగిపోక, అది ఎవరిదని అడిగిన ఇల్లాలు ఆమె.

అమ్మువానికిని ఇదే ధర్మము. విశాఖ సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పుపట్టును. ఆ తుప్పుపై రంగు పూసి ఛాయాచిత్రము తీయుట, చెడిన భాగమును చూపకుండుట, బండి తిరిగిన మైళ్ల లెక్కను మార్చుట — ఇవి యన్నియు అసత్యములే. నోటితో పలుకకుండుటచే సత్యములు కాజాలవు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను నగరమును కూల్చివైచినప్పుడు, విద్యుత్తు లేక, నీరు లేక జనులు అలమటించుచుండగా, పాలకును నీటికిని ఇష్టము వచ్చిన వెలలు అడిగిన వర్తకులను నగరవాసులు ఇంకను మఱువలేదు. కష్టములోనున్నవానినుండి అధికము గుంజుట ఎంత క్రూరమో అప్పుడు ప్రతి ఇంటికిని తెలిసినది. ఇల్లు ఖాళీ చేయవలసినవాని వస్తువును సగము వెలకు లాగుకొనునప్పుడు ఆ వర్తకుని స్థానమున నిలిచినది ఎవరు?

అతి చౌక యందు వేఱొక అపాయము గూడ కలదు. బిల్లు లేక, పెట్టె లేక, నాలుగవ వంతు వెలకే వచ్చు ఫోను పలుమారు దొంగసొత్తై యుండును. దొంగసొత్తని తెలిసియో, తెలిసికొనుటకు తగిన కారణముండియో పుచ్చుకొనుట 2024 జూలైనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారము నేరము. ఫోనునకు పదునైదు అంకెల ఐఎంఈఐ సంఖ్య యుండును. 2023లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన సంచార్ సాథీ ద్వారా ఆ ఫోను దొంగిలింపబడినదిగా నమోదైనదేమో చూచుకొనవచ్చును. ద్విచక్రవాహనమైనచో చేతులు మారుటతో పని ముగియదు. రాష్ట్రములోపలి అమ్మకమునకు అమ్మినవాడు 14 దినములలోను, కొనినవాడు 30 దినములలోను రవాణా శాఖకు తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. అట్లు చేయనిచో రేపు ప్రమాదము జరిగినప్పుడు పాత యజమాని మెడకు అది చుట్టుకొనును. వెలలో ఉదారుడై కాగితములలో అలసుడైనను పరునకు కీడు చేసినట్లే.

బేరమాడకయే అడిగిన వెలకు వెంటనే ఒప్పుకొను అపరిచితుని విషయమునను జాగ్రత్త వలయును. సైనికోద్యోగినని చెప్పుకొని, వస్తువును చూడకయే ధనము పంపెదనని క్యూఆర్ కోడ్ పంపువారు కలరు. ధనము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ నొక్కవలసిన అవసరము ఎన్నడును లేదు. పిన్ నొక్కినచో ధనము పోవునే గాని రాదు. మోసపోయినవారు తక్షణమే 1930 సంఖ్యకు తెలుపవలెను. ఇంటిలోని పెద్దలకు ఈ సంగతి పిల్లలు చెప్పియుంచుట మంచిది.

ఇక లింగవంతుల గృహములు పాటింపదగిన నియమములు కొన్ని కలవు. కొనబోవుటకు ముందే తగిన వెలను విచారించి మనస్సున నిశ్చయించుకొనవలెను. ఎదుటివాని కష్టము తెలిసిన పిమ్మట ఆ వెలను తగ్గింపరాదు. లేని బేరములను కల్పింపరాదు. ఒకసారి మాట యిచ్చినచో, ఇంకొక చోట చౌకగా దొరికినను మాట తప్పరాదు. అమ్మువాడును మఱునాడు ఎక్కువ ఇచ్చువాడు వచ్చెనని మాట మార్చరాదు. తమకు అక్కఱ తీరిన పుస్తకములను, పిల్లల సైకిళ్లను, దుస్తులను అన్నిటిని అమ్మకమునకే పెట్టక, కొన్నిటిని లేనివారికి దాసోహముగా నీయవలెను. అన్నిటికిని వెల కట్టుటకు అలవాటుపడిన చేతికి ఈయుట మఱపునకు వచ్చును.

మరల గాజువాక గృహస్థుని కడకు పోదము. ఆ రాత్రి అతడు ఫ్రిజ్‌ను వంటింట నిలిపి, బేరము జరిగిన తీరంతయు భార్యకు సగర్వముగా వర్ణించెను.

"మనకు రెండున్నర వేలు మిగిలింది" అనెను.

ఆమె పాలగిన్నెను లోపల పెట్టుచు, "ఏమండీ, అది మన కాయకము వలన మిగిలిందా, వారి కంగారు వలన మిగిలిందా?" అని అడిగెను.

అతడు బదులు పలుకలేదు. మఱునాడు ఉదయము లింగపూజకు కూర్చుండి కరస్థలమున దృష్టి నిలుపబోగా, తల వంచుకొన్న ఆ వృద్ధురాలే కనబడెను. పూజ ముగించి ఉక్కునగరమునకు పోయెను. లారీలోనికి సామానులు ఎక్కించుచున్నారు. వృద్ధుడు వానిని చూచి, వస్తువు చెడినదని తిరిగి ఇచ్చుటకు వచ్చెనని భయపడెను.

"చెడలేదు మాస్టారూ. చక్కగా చల్లబడుతోంది. నిన్న లెక్కలో పొరపడ్డాను" అని రెండున్నర వేలు ఆయన చేతిలో నుంచెను.

ఆ పొరపాటు ఎట్టిదో వృద్ధుడు అడుగలేదు. అతనికి నీళ్లిచ్చి, లారీ కదలువఱకు కూర్చుండబెట్టుకొనెను.

ఇష్టలింగము ముంగిట సిగ్గుపడక నిలువగలిగిన వెలయే సరియైన వెల. అంతకంటె తక్కువకు కొనినది ఎంత చౌకయైనను మిక్కిలి ప్రియమైనదే యగును.

శరణు శరణార్థి.