రెండవ ప్రాధాన్యం



మన అశోక్ నగర్ సందుల్లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు కంఠస్థం చేసే ప్రశ్నల్లో ఇదొకటి. భారత రాష్ట్రపతి ఎన్నికల చరిత్రలో రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించవలసి వచ్చిన ఏకైక ఎన్నిక ఏది? జవాబు 1969. ఒక మార్కు. పిల్లవాడు టిక్కు పెట్టి తరువాతి ప్రశ్నకు వెళ్ళిపోతాడు. ఆ ఒక్క మార్కు ప్రశ్న మన విచారణలోని ఒక పెద్దాయన గుండెలో అర్ధ శతాబ్దానికి పైగా ముల్లులా ఉందని నాకు ఇటీవలి వరకు తెలియదు.

ఆయన నల్లకుంటలో, కోరంటి దవాఖానాకు దగ్గర్లోనే ఉంటారు. విశ్రాంత ఉపాధ్యాయులు. పేరు రాయవద్దన్నారు కనుక మాష్టారు అనే అందాం. 2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నిక జరిగింది కదా. మన తెలుగువారైన మాజీ న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డి గారు పోటీ చేసి, మనస్సాక్షి ప్రకారం ఓటు వేయండని పార్లమెంటు సభ్యులను కోరారు. 452 ఓట్లతో సి.పి. రాధాకృష్ణన్ గారు గెలిచారు. సుదర్శన్ రెడ్డి గారికి 300 వచ్చాయి. ఆ వారం ఆదివారం పూజ అయ్యాక మాష్టారు నా గది వరండాలో కూర్చుని, "ఈ మనస్సాక్షి అనే మాట పేపర్లో చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది ఫాదర్" అన్నారు. తరువాత చాలాసేపు మాట్లాడారు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

1969 సంగతి తెలియని చిన్నవారి కోసం కొంచెం చెప్పాలి. ఆ ఏడు మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే మరణించారు. కొత్త రాష్ట్రపతి కోసం జరిగిన పోటీలో ముఖ్యులు ఇద్దరూ తెలుగువారే. ఒకరు అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి గారు, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, అప్పటికి లోక్‌సభ స్పీకరు. రెండవవారు బరంపురంలో పుట్టిన వరాహగిరి వేంకటగిరి గారు, కార్మిక నాయకులు, అప్పటి ఉపరాష్ట్రపతి. సంజీవరెడ్డి గారు కాంగ్రెసు అధికార అభ్యర్థి. ఆయన నామినేషను మీద ప్రధాని ఇందిరాగాంధీ స్వయంగా సంతకం పెట్టారు. కానీ ఆయనను ఎంపిక చేసింది పార్టీలో ఆమెకు పడని పెద్దలు. గిరి గారు స్వతంత్రులుగా నిలబడ్డారు. స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు సి.డి. దేశ్‌ముఖ్ గారిని నిలబెట్టాయి.

మాష్టారు అనంతపురం జిల్లావారు. వయసు ఇరవై. నల్లకుంటలో ఇద్దరు స్నేహితులతో ఒక గదిలో ఉండేవారు. ఆ ఏడు తెలంగాణ ఉద్యమం వల్ల కాలేజీలు సరిగ్గా జరగలేదు. చేతిలో ఉన్నది ఒక రేడియో, చేతినిండా ఖాళీ సమయం. "మా జిల్లా మనిషి రాష్ట్రపతి కావాలి. అంతకు మించి రాజకీయం నాకు తెలియదు. కానీ రోజూ రాత్రి కాగితం మీద ఓట్లు లెక్కవేసేవాణ్ణి" అన్నారు.

అభిమాని ఆందోళన ఎలా ఉంటుందో మీకు తెలుసు. అభ్యర్థికి లేని భయాలు అభిమానికి ఉంటాయి. కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప గారు జనసంఘ్, స్వతంత్ర పార్టీల నాయకులను కలిసి, వారి రెండవ ప్రాధాన్య ఓట్లు సంజీవరెడ్డి గారికి వేయమని కోరినట్లు వార్త వచ్చింది. గదిలో ముగ్గురూ రెండుగా చీలిపోయారు. ఇద్దరు, "మంచి ఎత్తు, గెలుపు ఖాయం" అన్నారు. మాష్టారికి మాత్రం గుబులు పట్టుకుంది. బయటివాళ్ళ రెండో ఓటు కోసం వెళితే, ఇంట్లోవాళ్ళ మొదటి ఓటు పోదా?

ఆ కుర్రవాని అనుమానమే నిజమైంది. ఆ మంతనాలు చూపించి ప్రధాని వర్గం, ఇక ఎవరి అంతరాత్మ ప్రబోధం ప్రకారం వారు ఓటు వేయవచ్చునన్నది. ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్యంలో గిరి గారికి 4,01,515. సంజీవరెడ్డి గారికి 3,13,548. దేశ్‌ముఖ్ గారికి 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరికీ రాలేదు కనుక కింది అభ్యర్థులను ఒక్కొక్కరిని తొలగిస్తూ, వారి ఓట్లలోని తరువాతి ప్రాధాన్యాలు పంచారు. చివరకు గిరి గారికి 4,20,077; సంజీవరెడ్డి గారికి 4,05,427. తేడా 14,650.

ఈ అంకెలను ఒక్క నిమిషం నిలబడి చూడండి. రెండవ ప్రాధాన్యాలతో సంజీవరెడ్డి గారికి కలిసినవి 91,879. గిరి గారికి కలిసినవి 18,562 మాత్రమే. అంటే ఆ ఎత్తు ఎత్తుగా ఫలించింది! అడిగిన చోట ఓట్లు వచ్చాయి. కానీ అడగడం వల్ల సొంత ఇంట్లో ఎన్ని పోయాయో ఏ అధికారీ లెక్క తేల్చలేడు. అప్పట్లో ఒక పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. పదమూడు మంది సభ్యులు అటునుండి ఇటు వచ్చి ఉంటే ఫలితం తారుమారయ్యేది. మాష్టారు ఈ పదమూడు అనే అంకెను వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పారు.

ఇక్కడితో అయిపోతే ఇది ఒక పాత ఎన్నిక కబురు మాత్రమే. అసలు సంగతి పోలింగుకు నాలుగు రోజుల ముందు జరిగింది.

ఢిల్లీలో సంజీవరెడ్డి గారి మీద ఎవరో నీచమైన కరపత్రం పంచుతున్నారని గదిలోని స్నేహితుడు విని వచ్చాడు. మనమూ గిరి గారి మీద ఒకటి వేద్దాం, హైదరాబాదులోని ఎమ్మెల్యేలందరికీ పోస్టు చేద్దాం అన్నాడు. రుజువు లేని నాలుగు మాటలు రాశాడు. అవేమిటో మాష్టారు చెప్పలేదు, నేను అడగలేదు. ముగ్గురిలో టైపు వచ్చినవాడు మాష్టారు ఒక్కరే. నారాయణగూడలో ఒక టైపు ఇన్‌స్టిట్యూటులో కూర్చుని స్టెన్సిల్ కోశారు. సైక్లోస్టైల్ చేయడమే తరువాయి. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారి లేచి, "వద్దు. ఇది మనవాళ్ళ పనేనని తెలిస్తే ఎదురు తిరుగుతుంది. మన రాష్ట్రంలో ఒక్క ఎమ్మెల్యే ఓటు విలువ 125. ఇద్దరు జారినా 250 పోతాయి" అన్నారు. స్నేహితులు ఒప్పుకున్నారు. స్టెన్సిల్‌ను కిరసనాయిలు స్టవ్వు మీద కాల్చేశారు. "మైనం కాగితం కదా ఫాదర్, భగ్గున మండింది."

నేను తేలికగా, "మంచి పనే చేశారు కదా మాష్టారూ" అన్నాను. పూజారులకు, గురువులకు ఈ తొందర ఉంటుంది. ఎదుటివాని బరువు వినక ముందే దించేద్దామని చూస్తాము.

ఆయన తల అడ్డంగా ఊపారు. "నన్ను ఆపింది అంతరాత్మ కాదు ఫాదర్, లెక్క. ఇంకొకటి వినండి. 20వ తేదీ రాత్రి రేడియోలో ఫలితం విన్నాక నేను ఏమనుకున్నానో తెలుసా? ఆ కాగితం వేసి ఉంటే బాగుండేది అనుకున్నాను. చాలా రోజులు అనుకున్నాను."

గురు విద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో జర్మనీ తత్వవేత్త కాంట్ చెప్పిన ఒక దుకాణదారుని ఉదాహరణ మీద మేము గంటల తరబడి వాదించుకునేవాళ్ళం. పసిపిల్లవాడు వచ్చి సరుకు అడిగినా ఆ దుకాణదారుడు మోసం చేయడు, ఎందుకంటే మోసగాడని పేరు వస్తే వ్యాపారం పోతుంది. అతడు చేసినది సరైన పనే, కానీ దానికి నైతికమైన విలువ లేదు అంటాడు కాంట్. చదువుకునేటప్పుడు నాకు ఆ మాట చాలా గొప్పగా తోచింది. విచారణలో ముప్పయ్యేళ్ళు పనిచేశాక అంత గొప్పగా తోచడం లేదు. ఎందుకంటే ఆ పిల్లవాడు సరిగ్గా తూచిన సరుకుతోనే ఇంటికి వెళ్ళాడు. గిరి గారి మీద ఆ కాగితం ఎవరి ఇంటికీ చేరలేదు. ఇది చిన్న సంగతి కాదు. తప్పు చేయకుండా మనిషిని ఆపే కంచెలు చాలా ఉంటాయి. భయం ఒక కంచె, పరువు ఒక కంచె, లెక్క కూడా ఒక కంచె. కంచె ముళ్ళకంపతో కట్టినదైనా పంటను కాపాడుతుంది.

మరి మాష్టారి బాధ ఎక్కడిది? లెక్క అటు తిరిగి ఉంటే తాను ఏమి చేసేవాడో ఆయనకు తెలుసు. అదీ బాధ.

పునీత తోమాసు అక్వినాసు వివేకాన్ని సుగుణాలలో లెక్కించి, దానిని పోలినట్లే ఉండి వివేకం కాని కపట నేర్పును వేరుచేసి చూపించారు. మన తెలుగులో ఈ తేడాకు రెండు చక్కని మాటలు పక్కపక్కనే ఉన్నాయి: యుక్తి, కుయుక్తి. కనుక ఎత్తులు వేయడమే పాపమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తన పక్షం గెలవాలని కోరుకుంటూ ఎలా గెలవాలో ఆలోచించనివాడు నిజానికి దానిని కోరుకోవడం లేదు. నిజలింగప్ప గారు రెండవ ప్రాధాన్యం అడగడం కూడా నా దృష్టిలో తప్పు కాదు. ఆ ఎన్నిక పద్ధతే, నీ మొదటి మనిషి ఓడితే తరువాత ఎవరు కావాలి అని అడుగుతుంది. అడిగినదానికి జవాబు కోరడంలో దోషమేమున్నది? అయితే ఆ సంగతి సొంత పార్టీవారికి ముందుగా, ఎదుటపెట్టి చెప్పి ఉంటే బాగుండేది. అనుమానానికి చోటిచ్చింది అక్కడే. ఏదైనా ఎత్తు యుక్తియా, కుయుక్తియా అని తేల్చుకోవడానికి నేను వాడే ప్రశ్న ఒక్కటే: దీనిని మనవాళ్ళ ముఖం చూసి చెప్పగలమా? స్టెన్సిల్ మీద ముగ్గురిలో ఏ ఒక్కరి పేరూ లేదు. జవాబు అందులోనే ఉంది.

మరి అంతరాత్మ? గెలిచిన పక్షం నినాదమది. రాష్ట్రపతి ఎన్నికలో రహస్య ఓటు. సభ్యుడు స్వేచ్ఛగా ఆలోచించాలన్న మాట సబబైనదే. గిరి గారు కూడా ఊరికే వచ్చిన మనిషి కారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు కేంద్ర మంత్రి పదవినే వదులుకున్నారు. అయినా నాకొక సందేహం. అంతరాత్మ ఒక్కొక్కరిలో ఒంటరిగా మాట్లాడుతుంది. నాయకుని కోరికను విని, అదే జవాబు చెప్పే అంతరాత్మ వందలమందిలో ఒకేసారి మేల్కొంటే దానిని ఏమనాలి? పైగా నామినేషను మీద పెట్టిన సంతకం కూడా ఇచ్చిన మాటే కదా. మన శ్రీసభ బోధ ప్రకారం మనస్సాక్షికి లోబడాలి, నిజమే. కానీ దానిని సత్యంతో సానపట్టుకోవలసిన బాధ్యత కూడా మనదే. వాడుకునేటప్పుడు మాత్రమే బయటకు తీసే మనస్సాక్షి, పండుగకు మాత్రమే తీసే పట్టుబట్టల వంటిది.

మాష్టారి మనస్సాక్షి ఏడాది ఆలస్యంగా మేల్కొన్నది. గిరి గారి ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో దావా నడిచింది. సంజీవరెడ్డి గారి మీద వేసిన ఆ పేరులేని కరపత్రం సంగతి అక్కడికి వచ్చింది. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా వచ్చి సాక్ష్యమిచ్చారు. 1970లో కోర్టు పిటిషన్లను కొట్టివేసింది. ఆ వార్తలు చదువుతూ మాష్టారు కోపంతో ఊగిపోయారట. ఇంత నీచమైన పని ఎలా చేశారు అని స్నేహితుల ముందు కేకలు వేస్తున్నారట. స్టవ్వు దగ్గరున్న స్నేహితుడు తలెత్తి ఆయన వంక చూశాడు. ఏమీ అనలేదు. "ఆ చూపుతో నా నోరు పడిపోయింది ఫాదర్. ఏ పని మీద కేకలు వేస్తున్నానో అదే చేయలేదని ఏడాదిగా కుమిలిపోతున్నాను."

సంజీవరెడ్డి గారు ఆ ఓటమి తరువాత ఇల్లూరుకు వెళ్ళి వ్యవసాయం చూసుకున్నారు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకు పోగా, నంద్యాల నుండి ఆయన ఒక్కరే జనతా పార్టీ తరఫున గెలిచారు. ఆ జూలైలో రాష్ట్రపతి పదవికి 37 మంది నామినేషన్లు వేస్తే, ఆయనది తప్ప మిగిలినవన్నీ చెల్లలేదు. పోటీ లేదు, ప్రాధాన్యాల లెక్క లేదు. అప్పుడు సంతోషించారా అని అడిగాను. "సంతోషించాను. కానీ స్వీట్లు పంచలేదు" అన్నారు మాష్టారు.

మీలో కొందరికి ఇది దూరపు సంగతిగా ఉండవచ్చు. మన సంఘాల ఎన్నికల్లో, అపార్టుమెంటు కమిటీ ఎన్నికల్లో, అన్నదమ్ముల ఆస్తి పంపకాల్లో రాత్రిపూట కాగితం మీద వేసే లెక్కలు నేను వినకపోలేదు. మాష్టారు కాల్చిన కాగితం ఈనాడు కాల్చడానికి కూడా ఉండదు; ఫోనులో ఒక్క వేలితో వెయ్యిమందికి పోతుంది. రాత్రి నిద్ర పట్టకపోవడానికి ఇచ్చే వ్యవధి కూడా మిగలడం లేదు.

ఆయన మనవడు ఇప్పుడు అశోక్ నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్నాడు. 1969 ప్రశ్నకు జవాబు తాతను అడగకుండానే తెలుసు. కాగితం సంగతి వానికి చెప్పారా అని అడిగాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదన్నారు. పత్రికలో తన పేరు వద్దన్నది ఆయనే. లేచి వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, "అచ్చయ్యాక ఒక కాపీ నాకు ఉంచండి ఫాదర్. వాడి చేత చదివిస్తాను. ఆ టైపు చేసినవాడు నేనేనని అప్పుడు చెబుతాను" అన్నారు.