అన్నం పక్కన ఒక గ్లాసు



కొద్ది నెలల క్రితం ఒక ఆదివారం, పూజ ముగిసి నేను వస్త్రాలు మార్చుకుంటుండగా మన విచారణకు చెందిన ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం, ఏడాది క్రితమే వివాహమైంది. “ఫాదర్, శనివారం రాత్రి నేను, నా భార్య అన్నం తినేటప్పుడు చెరొక గ్లాసు రెడ్ వైన్ తాగుతాం. ఎక్కువ ఖరీదు కాదు, నాసిక్‌ది. మొన్న అమ్మ వచ్చి అల్మారాలో సీసా చూసి ఏడ్చింది. మేము చేసేది పాపమా?” అని అడిగాడు.

గ్రంథాలు తిరగేసి జవాబు చెప్పడం నాకు తేలికే. కానా పల్లె పెండ్లిలో ప్రభువు ఆరు రాతి బానల నీటిని ద్రాక్షారసంగా మార్చారు. ఒక్కొక్క బాన సుమారు 100 లీటర్లు పట్టేదని పండితుల లెక్క. కడుపు బాగుండని తిమోతికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని పునీత పౌలు రాశారు. నేను కూడా ప్రతి ఉదయం పానపాత్ర ఎత్తుతున్నవాడినే. అందులోనిది కల్తీలేని ద్రాక్షారసమే అయి ఉండాలని శ్రీసభ చట్టం. (ఇందుకు మనల్ని ఆక్షేపించే ఇతర సంఘాల సహోదరులున్నారు. ఆ సంగతి మరొకసారి.)

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు గారి వాదం నాకు బాగా నచ్చింది. ద్రాక్షారసం తాగడం దానంతట అది పాపం కాదు, కానీ నాలుగు సందర్భాల్లో తప్పవుతుందంటారాయన. తాగితే నిలదొక్కుకోలేనివాడికి, తాగనని మొక్కుకున్నవాడికి, మితం తప్పినవాడికి తప్పు. నాలుగవది, మన తాగుడు చూసి మరొకరు తొట్రుపడితే. మొదటి మూడూ ఆ యువకుడికి వర్తించవు. నాలుగవదాని దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆ తల్లిని నేనెరుగుదును.

ఆమె భర్త మొదట సారా తాగాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి స్త్రీలు లేచారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆయన మాత్రం ఏ ఏడూ ఆగలేదు. సారా పోతే మందు, మందు దొరకని నాడు కల్లు. మన నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో కల్లంటే అన్నిచోట్లా చెట్టు మీది కల్లు కాదని మీకు తెలుసు. డైజిపామ్, ఆల్ప్రాజోలం కలిపిన కల్లు ఒక్కపూట అందకపోతే చేతులు వణికి, మతి తప్పేవారిని మనం చూశాం. 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు నిలబడిన వరుస అదే. కొడుకు పదో తరగతిలో ఉండగా ఆయన పోయాడు. పుస్తె కూడా తాకట్టులోనే ఉండిపోయింది.

అలాంటి తల్లికి, ఇది 12, 13 శాతం మాత్రమే అమ్మా, విస్కీ 42.8 శాతం అని లెక్క చెబితే వింటుందా? మన దగ్గర ‘వైన్స్’ అని బోర్డున్న దుకాణంలో ఆమె భర్త కొన్నది ఏనాడూ ద్రాక్షారసం కాదు. ఆమెకు సీసా అంటే సీసాయే. ఎర్ర వైన్ గుండెకు మంచిదని ఒకప్పుడు అన్నవారి మాట కూడా ఇప్పుడు నిలబడదు. ఇంత తాగితే హాని లేదని చెప్పగల మోతాదు లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

పాపం కాదనే ఆ యువకుడితో అన్నాను. కానీ అడిగాను: “అల్మారాలో ఎందుకు దాచావు?” తల వంచుకున్నాడు. దాచింది తల్లి మీద ప్రేమతో కావచ్చు. కానీ వాళ్ళ నాయన కూడా దాచేవాడు, బియ్యం డబ్బాలో. ఆమె ఏడ్చింది వైన్‌ను చూసి కాదు, ఆ దాపరికాన్ని చూసి అని నా నమ్మకం. సహోదరుడు తొట్రుపడేటట్లయితే మాంసమైనా ద్రాక్షారసమైనా మానుకోవడం మేలని పౌలుగారు రోమీయులకు రాశారు. అందుచేత, అమ్మ వచ్చిన రోజుల్లో మూత తీయవద్దన్నాను. సీసాను మాత్రం ఆమె చూసేచోటే పెట్టమన్నాను. ఒక గ్లాసు చాలక రెండోదాని మీదకు మనసు పోయిన రోజున వెంటనే నా దగ్గరకు రమ్మన్నాను. గురువులలో కూడా ఒక్క గుక్క పడనివారుంటారు. వారు పీఠాధిపతి అనుమతితో, పులియనివ్వని ద్రాక్షరసంతో పూజ చేయవచ్చని 2003లో రోము నుంచి లేఖ వచ్చింది. అలాంటివారిని ఎవరూ చిన్నచూపు చూడరాదు.

నేను సరిగా చెప్పానో లేదోనని చాలా రోజులు మథనపడ్డాను. పోయిన వారం ఆ తల్లి కోడలితో కలిసి పూజకు వచ్చింది. నెలరోజులు వాళ్ళింట్లో ఉండి వచ్చిందట. సీసా కంటి ముందే ఉంది, సగం అట్లనే ఉండిపోయింది, చివరికి పులిసి వాసన వస్తే కొడుకు మోరీలో పోశాడట.

“మా ఇంట్ల మందు పారబోసుడు ఈ కండ్లతోని ఎన్నడు చూడలే ఫాదర్” అన్నది.